"వంద పైసలూ పేదవాడికే" అంటున్న ఫార్వర్డ్‌ సంగతి

వాట్సాప్‌లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది: "అసలైన సేవా సంస్థలో ఎవరూ జీతం తీసుకోరు. మీ రూపాయిలో వంద పైసలూ పేదవాడికే చేరాలి. ఖాతాలో డబ్బు మిగిలిందంటే మోసమే. 80జి ఉందో లేదో చూసుకుని ఇవ్వండి, చాలు." (80జి అంటే విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపన్నులో తగ్గింపు దక్కేలా సంస్థకిచ్చే గుర్తింపు.) దాతలు జాగ్రత్తపడాలన్నంత వరకూ బాగానే ఉంది. మిగతాదంతా తప్పుదారి.

ముందు జీతాలు. ఊళ్లో కంటి శిబిరం పెట్టారనుకోండి. చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు, వ్యాన్ డ్రైవరు, ఆపరేషనయ్యాక ఫోన్ చేసి "చుక్కలు వేసుకుంటున్నావా పెద్దమ్మా" అని అడిగే అమ్మాయి, అందరూ నెల తిరిగేసరికి ఇంటద్దె కట్టుకోవాల్సినవాళ్లే. ఇందులో పేదవాడికి చేరని పైస ఏది? విదేశీ విరాళాల చట్టం ఖర్చుల విషయంలో మహా కఠినం. 2020 సవరణతో పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించేశారు. అలాంటి చట్టం కింద కూడా ఆసుపత్రి డాక్టర్ల జీతాలు, బడి టీచర్ల జీతాలు పాలనా ఖర్చులోకి రావు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి లాభాపేక్ష లేకుండానే నడుస్తోంది. కట్టగలిగినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటుంది, లేనివాళ్లకు ఉచితంగా చూస్తుంది. ఈ ఫార్వర్డ్ లెక్కన జీతం తీసుకునే అక్కడి డాక్టర్లూ దొంగలేనన్నమాట!

జీతం ఉందా లేదా అన్నది కాదు, ఎవరికి, ఎంత, ఎవరు నిర్ణయించారు అన్నది అడగాలి. కార్యదర్శి బావమరిది మేడలో ఆఫీసు, అద్దె బజారు రేటుకు రెండింతలు, తీర్మానం మీద మొదటి సంతకం కార్యదర్శిదే. పట్టుకోవాల్సింది అక్కడ. వ్యవస్థాపకులకైనా వాళ్ల బంధువులకైనా చేసిన పనికి తగ్గ జీతం ఇవ్వడాన్ని ఆదాయపన్ను చట్టం తప్పుపట్టదు. అంతకుమించి లాభం చేకూరిస్తే మాత్రం ఆ మేరకు పన్ను మినహాయింపుకు ఎసరు. ఒక్క జీతం కూడా లేని సంస్థలోనూ డబ్బు ఈ దారిన పోవచ్చు. "మేం పైసా తీసుకోం" అని గొప్పగా చెప్పుకునే చోట నేనైతే కారు ఎవరి పేరున ఉందో ముందు చూస్తాను.

మిగులు మోసం కానే కాదు. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం వాడాలి, 15 శాతం అట్టేపెట్టుకోవచ్చు. భవనంలాంటి పెద్ద అవసరముంటే పన్ను శాఖకు ఫలానా పనికని తెలిపి ఐదేళ్ల దాకా కూడబెట్టుకోవచ్చు. గ్రాంటు రెండు నెలలు ఆలస్యమైతే హాస్టల్ పిల్లలకు బియ్యం ఎక్కణ్నుంచి తెస్తారు? ఖాతా ఖాళీగా ఉన్న సంస్థను చూస్తేనే నాకు టెన్షన్.

ఇక 80జి. అది మీ పన్ను లెక్కకు పనికొచ్చే కాగితం, పని బాగా చేస్తున్నారనడానికి హామీ కాదు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ ప్రయోజనం వర్తించదు, కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకు అసలే లేదు. దానికన్నా ఆడిట్ రిపోర్టు అడగండి. చూపించడానికి నసుగుతుంటే 80జి ఉన్నా సరే, ఇంకో సంస్థను వెతుక్కోండి.