మెయిల్‌బాక్సుల శుద్ధి వారోత్సవాలకు నా సంపూర్ణ మద్దతు

మెయిల్ సర్వర్ డిస్కు నిండినప్పుడల్లా ఆఫీసుల్లో ఒక సర్క్యులర్ వస్తుంది: "అందరూ తమ మెయిల్‌బాక్సుల్లోని పాత మెయిళ్లను శుక్రవారంలోగా తీసేయగలరు." దీన్ని చూసి నవ్వే ఐటీ వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎంతో ఉదాత్తమైన కార్యక్రమం ఇది. డిస్కులో ఖాళీ రాదన్న చిన్న లోపం తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు.

ముందు ఆ సర్క్యులర్ సంగతే చూడండి. మెయిళ్లు ఎలా తీసేయాలో బొమ్మలతో వివరించే 5 ఎంబీ పీడీఎఫ్ ఒకటి దానికి తగిలించి, వెయ్యిమంది ఉద్యోగులకూ పంపుతారు. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్‌లో ఒకప్పుడు ఒకే అటాచ్‌మెంట్ పదిమందికి వెళ్లినా డేటాబేసులో ఒక్క కాపీయే ఉండేది, 2010 వెర్షన్‌తో ఆ పిసినారితనం మానేశారు, ఇప్పుడు ఎవరి కాపీ వాళ్లదే. అంటే చోటు ఖాళీ చేయండని చెప్పడానికే దాదాపు 5 జీబీ. ఉద్యమం అన్నాక ఆమాత్రం ఖర్చు ఉంటుంది.

ఇక జనం డిలీట్ మొదలుపెడతారు. మెయిలు డిలీటెడ్ ఐటమ్స్‌లోకి వెళ్తుంది. చాలామంది అక్కడితో తమ బాధ్యత తీరిందనుకుంటారు. పట్టుదల ఉన్నవాళ్లు దాన్ని కూడా ఖాళీ చేస్తారు, అప్పుడది రికవరబుల్ ఐటమ్స్ అనే కనిపించని ఫోల్డర్‌లో చేరి, సెట్టింగ్ ఎవరూ మార్చకపోతే 14 రోజులు హాయిగా ఉంటుంది. ఈలోగా లీగల్ వాళ్లు ఆ మెయిల్‌బాక్సును హోల్డ్‌లో పెట్టారా, ఇక దానికి చావే లేదు. సరే, అన్నీ దాటి నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడైనా మెయిళ్లన్నీ దాచే ఈడీబీ అనే డేటాబేసు ఫైలు లోపల కొన్ని పేజీలు ఖాళీ అవుతాయే తప్ప ఫైలు సైజు ఒక్క బైటు కూడా తగ్గదు. మనిషి ఎంత చిక్కినా ప్యాంటు సైజు మారనట్టు, 400 జీబీ ఫైలు 400 జీబీగానే ఉంటుంది. లోపలి ఖాళీని వైట్‌స్పేస్ అంటారు. కొత్త మెయిళ్లు ముందు అందులో సర్దుకుంటాయి కాబట్టి కొన్నాళ్లపాటు ఫైలు పెరగదు. నిజానికి లాభమంటే ఇదే, చిన్నదేం కాదు. కానీ ఈ మాట మేనేజరుకు చెప్పి చూడండి, ఆ వైట్‌స్పేస్‌కు ఎక్స్ఛేంజ్ పెట్టిన పేరుతో. "అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్ 120 జీబీ ఉంది సార్" అంటే, "మరి దాన్ని తీసి డ్రైవ్‌లో వెయ్యవయ్యా" అంటాడు.

ఇంతకంటే రసవత్తరమైన ఘట్టం లాగ్ డ్రైవ్‌ది. డేటాబేసులో ఏ మార్పు జరిగినా ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌లో రాయాలి, డిలీట్ కూడా మార్పే. ఒక్కో లాగ్ ఫైలు 1 ఎంబీ. సరైన బ్యాకప్ పూర్తయితే తప్ప అవి పోవు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వెయ్యిమంది ఒక్కసారిగా దేశసేవ చేసినట్టు డిలీట్ కొడుతుంటే, లాగ్ డ్రైవ్ కళ్లముందే పొంగుతుంది. బ్యాకప్ ఏమైందంటారా, మూడు వారాలుగా ఫెయిల్ అవుతూనే ఉంది, ప్రతి రాత్రీ ఆ సంగతి మర్యాదగా మెయిల్ చేస్తూనే ఉంది, ఆ మెయిళ్లు ఇన్‌బాక్సులో చిరాకు పెట్టకుండా ఒక రూల్ రాసి వేరే ఫోల్డర్‌లోకి పంపేస్తున్నారు. లాగ్ డ్రైవ్ పూర్తిగా నిండితే డేటాబేసు డిస్‌మౌంట్ అవుతుంది. అప్పుడు ఎవరికీ మెయిల్ రాదు, ఎవరూ పంపలేరు, డేటాబేసు పెరుగుదల నూటికి నూరు శాతం అదుపులోకి వస్తుంది. ఉద్యమం లక్ష్యం నెరవేరే ఏకైక సందర్భం ఇదే, విచిత్రంగా అందరూ అప్పుడే అరుస్తారు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు, బ్యాకప్ కోసం ఆగకుండా పాత లాగులను తుడిచేసే సర్క్యులర్ లాగింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేసి చేతులు దులుపుకుంటారు. అప్పటినుంచి డేటాబేసు పాడైతే చివరి బ్యాకప్ నాటి స్థితికే వెనక్కి వెళ్లాలి. ఆ చివరి బ్యాకప్ మూడు వారాల కిందటిది అని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

పాతకాలంలో క్రమశిక్షణ ఉండేది. ఎక్స్ఛేంజ్ 2003 స్టాండర్డ్‌లో డేటాబేసు 16 జీబీ దాటితే అంతే, మూతపడేది. 2005లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో పరిమితిని 75కి పెంచి మనల్ని పాడుచేశారు.

కోటాల గురించి ఎక్కువ మాట్లాడను. డిఫాల్ట్‌గా 2 జీబీ దగ్గర మెయిల్ పంపడం ఆగిపోతుంది, అందరికీ అదే న్యాయం, సర్క్యులర్ మీద సంతకం పెట్టినవారికి తప్ప. ఆయనది అన్‌లిమిటెడ్.

ఇక ఫైలును నిజంగా చిన్నది చేసే ఈఎస్‌ఈ యుటిల్ అనే పనిముట్టు ఒకటుంది. డేటాబేసును ఆపేసి ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ నడిపితే, గంటల తరబడి నమిలి, వైట్‌స్పేస్ లేని కొత్త ఫైలు ఇస్తుంది. అయితే అందుకు డేటాబేసు సైజులో సుమారు 110 శాతం ఖాళీ స్థలం ముందే చూపించాలి. చోటు లేదని ఏడుస్తున్నవాడిని, 400 జీబీ ఫైలుకు 440 జీబీ చోటు పట్టుకురా, అప్పుడు నీకు చోటు ఇస్తాను అంటుంది. అప్పు దొరకాలంటే అప్పు అవసరం లేదని నిరూపించుకోవాలనే బ్యాంకు వాళ్లు రాసి ఉంటారేమో దీన్ని. పైగా అయ్యాక వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాలి, పాత లాగులు కొత్త ఫైలుకు పనికిరావు.

తెలిసినవాళ్లు ఈ గొడవలోకి దిగరు. పక్కన కొత్త డేటాబేసు తెరిచి, మెయిల్‌బాక్సులన్నీ అందులోకి మార్చి, పాతదాన్ని తీసేస్తారు. మార్పు జరుగుతున్నంతసేపూ జనం దాదాపు మామూలుగానే మెయిల్ వాడుకోవచ్చు, చివర్లో కాసేపు తప్ప. మంచి పద్ధతి. కొత్త డేటాబేసు వైపు లాగులు కుప్పలుగా పడతాయి కాబట్టి విడతలుగా మార్చుకుంటూ, మధ్యలో బ్యాకప్ చూసుకుంటూ పోవాలి. ఓపికగా అదంతా చేసి, పాత డేటాబేసుకు రిమూవ్ కమాండ్ కొట్టి, విజయగర్వంతో డ్రైవ్ వంక చూస్తే అది ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఎందుకంటే ఆ కమాండ్ డేటాబేసును సర్వర్ లెక్కల్లోంచి తీసేస్తుందే గానీ, డిస్కు మీదున్న ఫైలు జోలికి పోదు, దాన్ని మీరే చేత్తో తీసుకోవాలని పసుపు అక్షరాల్లో ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. ఇప్పుడు ఆ 400 జీబీ ఫైలును ఎవరు డిలీట్ చెయ్యాలి? రేపు ఏదైనా తేడా వస్తే? మీటింగ్ పెట్టారు, మాట్లాడారు, చివరికి ఫైలు పేరును "ఓల్డ్_డు_నాట్_డిలీట్" అని మార్చి, కొత్త డిస్కుకు ఇండెంట్ పెట్టారు.