మూసీల దొరికిన కొమ్ము

(మిర్యాలగూడ. వాకిట్ల మంచం మీద ఫోన్ వట్టుకోని యాదయ్య. గద్దె మీద బియ్యం ఏరుకుంట లచ్చమ్మ.)

యాదయ్య: పోరనికి మూస్ కొమ్ము దొరికిందటనే. ఫోటో పంపిండు సూడు.

లచ్చమ్మ: మూసీలనా? మూసీ దాక వచ్చినోడు ఇంటికి రాకపాయెనా!

యాదయ్య: మూసీ కాదే, మూస్! అమెరికల, పోరడున్న అలాస్కల ఉంటది. దుప్పుల జాతిల అన్నిటికన్న పెద్దది. కొమ్ము అచ్చం నీ చేతుల చాట లెక్క వెడల్పు, అంచుకు వేళ్లు. పెద్ద పోతుదైతె జత 20 కిలోలు దాటుతది.

లచ్చమ్మ: చాట కొనుక్కుంటె అయిపోవు గదా, గంత బరువు మోయించినవా పోరనితోని?

యాదయ్య: నేను మోయించుడేంది! చలికాలంల వాటంతటవే రాలిపోతయి.

లచ్చమ్మ: నలభై ఏండ్ల సంది బర్రెల కాస్తున్న. ఒక్కదానికన్న రాలిందా?

యాదయ్య: బర్రె కొమ్ము బతికినన్ని దినాలుంటది. ఇది ఉత్త బొక్క, ఏటేట మొలుస్తది. ముదురు పోతులవి డిసెంబర్, జనవరిల రాలుతయి. పడుచువి మార్చి దాక ఆగుతయి. మంచు కరిగినంక, ఆకు మొలవకముందు వెతకాలె. ఆకొచ్చిందా, కాళ్లకాడున్నా కనవడదు.

లచ్చమ్మ: మూసీ ఒడ్డుకు మంచెక్కడిదయ్యా?

యాదయ్య: ఓ నా తల్లీ! ఫోటో సూడు. అడుగు గరుకుగ, జర ఉబ్బి ఉంది గదా? రాలిందన్నట్టు. పుర్రె బొక్క అంటుకోని ఉంటె సచ్చినదాని తలది. రంగు గోధుమగుంటె ఈ ఏటిది. పాతదైతె తెల్లగై పగుల్తది. అంచుకు గీ గాట్లు సూడు, ఎలుకలు, ముళ్లపందులు కాల్షియం కోసం కొరుకుతయి.

లచ్చమ్మ: నీ కట్టుడు పండ్ల సెట్టు ఎలుక కొరికింది గందుకేనా! చాయ్ సల్లారుతుంది, తాగి చెప్పు.

యాదయ్య: (గుటకేసి) జతల రెండోది గూడ ఆ సుట్టే ఉంటది. రెండూ ఒక్కపారి రాలవు. ఒకటి వడ్డంక గంటలకో, దినాలకో ఇంకోటి. అందుకని మొదటిది దొరికిన కాడికెల్లి సుట్టు తిరుగుకుంట పోవాలె. రేపు మల్ల పోతడట.

లచ్చమ్మ: అంటే రేపు గూడ మూసీ కాడ్నే ఉంటడా?

(చాటల ఇంకో సోలెడు బియ్యం వోసింది.)

యాదయ్య: నీకు చెప్పుడు కన్న... అగో, మన అమ్రాబాద్ అడవిలనైతె రాలిన కొమ్ము ఇంటికి తెచ్చినా కేసే. అడవి జంతువులను కాపాడే 1972 చట్టం.

లచ్చమ్మ: ఓయమ్మో! గిప్పుడా చెప్పేది? ఫోన్ కొట్టు! ఎక్కడిదక్కడ పారేసి, కాళ్లు కడుక్కోని, వాడపల్లి కాడ బస్సెక్కుమను. కోడిని కోస్త.

యాదయ్య: (చేతులెత్తి) సరే. మూసీలనే దొరికింది. వస్తడు తియ్.

లచ్చమ్మ: ఎప్పుడు?

యాదయ్య: దసరకు అన్నడు.

లచ్చమ్మ: మూసీ కాడికెల్లి రానీకె దసర దాకనా? నడుసుకుంట వస్తున్నడా ఏంది!