క్యూ పెడితే మెసేజ్ పోదన్న మాటలో పస ఎంత?

బెంగళూరులో మనవాళ్ల సాఫ్ట్‌వేర్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "మీ ఏపీఐ (వేరే ప్రోగ్రామ్‌లు అడిగిన పనికి జవాబిచ్చే సర్వీసు) నెమ్మదిగా ఉందా? మధ్యలో రాబిట్‌ఎమ్‌క్యూ పెట్టండి. వేగం పెరుగుతుంది, మెసేజ్ పోదు, ఒక్కసారే చేరుతుంది, వరుస తప్పదు. పైథాన్‌లో ఇరవై లైన్ల పని." రాబిట్‌ఎమ్‌క్యూ అంటే ఒక ప్రోగ్రామ్ పంపిన మెసేజ్‌లను అందుకుని, క్యూలో ఉంచి, వాటి మీద పనిచేసే ప్రోగ్రామ్‌లకు (కన్స్యూమర్లకు) అందించే మధ్యవర్తి, అంటే బ్రోకర్. ఇరవై లైన్ల మాట నిజమే. మిగతా నాలుగూ ఆ ఇరవై లైన్లలో లేవు.

ముందు వేగం సంగతి. ఇక్కడి దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) క్యాష్ కౌంటర్ దగ్గర బిల్లు చకచకా చేతికొస్తుంది. పెనం మీద మాత్రం ఎన్ని దోసెలు పడితే అన్నే. ఏపీఐ కూడా అంతే: "తీసుకున్నాం" అనే జవాబు త్వరగా వస్తుంది, పని త్వరగా అవదు. సెకనుకు 100 మెసేజ్‌లు వస్తుంటే కన్స్యూమర్లు 80 మాత్రమే లాగగలిగితే, గంటకు 72,000 పేరుకుంటాయి. ఆ గంట చివర్లో వచ్చిన మెసేజ్ 15 నిమిషాలు ఆగాలి. కాసేపటి తాకిడికి క్యూ బాగా పనికొస్తుంది. రోజంతా ఉండే లోటుకు కన్స్యూమర్లను పెంచాలి, లేదా లోపల నత్తనడక నడిచే డేటాబేస్ క్వెరీని బాగు చేయాలి. క్యూకి హద్దు పెడదామని మ్యాక్స్ లెంగ్త్ (ఎన్ని మెసేజ్‌లు పట్టాలో చెప్పే సెట్టింగు) ఒక్కటే రాస్తే ఇంకో గొడవ. నిండాక కొత్తదాన్ని తిప్పికొట్టదు, చప్పుడు చేయకుండా అన్నిటికంటే పాతదాన్ని పారేస్తుంది. తిప్పికొట్టాలంటే ఓవర్‌ఫ్లో సెట్టింగుకి రిజెక్ట్ పబ్లిష్ అని విడిగా చెప్పాలి.

"మెసేజ్ పోదు" అన్నది చాలా షరతుల మీద నిలబడ్డ మాట. రాబిట్‌ఎమ్‌క్యూతో మాట్లాడే పికా అనే పైథాన్ లైబ్రరీలో క్యూ డిక్లేర్ చేసేటప్పుడు (క్యూని సృష్టించేటప్పుడు) డ్యూరబుల్ అనే సెట్టింగు డిఫాల్ట్‌గా ఫాల్స్. బ్రోకర్ రీస్టార్ట్ అయితే క్యూయే ఉండదు. ట్రూ చేస్తే క్యూ మిగులుతుంది గానీ, క్లాసిక్ అనే మామూలు రకం క్యూలో మెసేజ్‌లు మిగలాలంటే ఒక్కోదానికీ డెలివరీ మోడ్ 2 (డిస్కులో దాచు అని) ఇవ్వాలి. అదీ చాలదు. బ్రోకర్ అందుకున్నాక డిస్కుకి రాసేలోపు చిన్న సందు ఉంటుంది. ఛానెల్ (బ్రోకర్‌తో ఉన్న కనెక్షన్‌లోని ఒక దారి) మీద కన్ఫర్మ్ డెలివరీ ఆన్ చేస్తేనే భద్రపరిచామన్న రసీదు వస్తుంది. రౌటింగ్ కీలో (మెసేజ్ ఏ క్యూకి వెళ్లాలో తేల్చే పేరులో) ఒక్క అక్షరం తప్పినా మెసేజ్ ఏ క్యూలోనూ పడక గాల్లో కలిసిపోతుంది. మ్యాండేటరీ (క్యూ దొరక్కపోతే తిప్పి పంపమనే సెట్టింగు) ట్రూ చేసి, కన్ఫర్మ్ కూడా ఉంటేనే కోడ్‌కి ఎర్రర్ తగులుతుంది. అన్నట్టు, ఉన్న క్యూని డ్యూరబుల్‌గా మారుద్దామని అదే పేరుతో మళ్లీ డిక్లేర్ చేస్తే 406 ఎర్రర్ కొట్టి ఛానెల్ మూసుకుపోతుంది. పాతది తీసేయాలి, లేదా కొత్త పేరు పెట్టుకోవాలి.

కన్స్యూమర్ పని అయ్యాక బ్రోకర్‌కి ఇచ్చే రసీదు అక్. కన్స్యూమర్ వైపు ఆటో అక్ ట్రూ చేస్తే, మెసేజ్ పంపిన క్షణమే బ్రోకర్ చేతులు దులుపుకుంటుంది. ప్రాసెస్ చస్తే చేతిలో ఉన్నవన్నీ గల్లంతు. ఆ పోస్టులోని నమూనా కోడ్‌లో ఉన్నది ఆటో అక్కే!

ఇక "ఒక్కసారే చేరుతుంది". ఇది అసలే తప్పు. అక్ మనమే ఇచ్చే పద్ధతిలో దొరికేది "కనీసం ఒక్కసారి" అన్న హామీ. ఎలా రెండోసారి వస్తుందో చూడండి. మెసేజ్ రాగానే కాల్‌బ్యాక్‌లో (అప్పుడు నడిచే ఫంక్షన్‌లో) 4 నిమిషాలు పట్టే పీడీఎఫ్ తయారుచేసి, మెయిల్ పంపి, చివర్లో అక్ ఇస్తున్నారనుకుందాం. పికాలోని బ్లాకింగ్ కనెక్షన్‌లో హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న సంకేతం) పంపాల్సింది కూడా అదే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పని నడిచే పాయ). అది పీడీఎఫ్‌లో మునిగి ఉంటుంది. డిఫాల్ట్ గడువు 60 సెకన్లు కాబట్టి బ్రోకర్ కనెక్షన్ తెంపేసి మెసేజ్‌ని మళ్లీ క్యూలో పెడుతుంది. ఇక్కడ మెయిల్ వెళ్లిపోతుంది, అక్ మాత్రం స్ట్రీమ్ లాస్ట్ ఎర్రర్‌తో కూలుతుంది. సూపర్‌వైజర్ ప్రాసెస్‌ని లేపుతుంది, అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. కస్టమర్‌కి నాలుగు నిమిషాలకొకసారి అదే బిల్లు.

చాలామంది ఇక్కడ హార్ట్‌బీట్‌ని సున్నా చేసేస్తారు. అప్పుడు నిజంగా తెగిన కనెక్షన్‌ని కూడా త్వరగా కనిపెట్టలేం. పనిని వేరే థ్రెడ్‌కి ఇచ్చి, అయ్యాక యాడ్ కాల్‌బ్యాక్ థ్రెడ్‌సేఫ్ అనే పికా ఫంక్షన్ ద్వారా అక్‌ని కనెక్షన్ థ్రెడ్‌లోనే ఇవ్వడం సరైన పద్ధతి. అయినా అక్ దారిలో పోవచ్చు. అందుకే మెసేజ్ ఐడీని డేటాబేస్‌లో ఒకే విలువ రెండోసారి పట్టని యూనిక్ కాలమ్‌లో, అసలు పనితోపాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి. ఆ ఐడీ ముందే ఉండి ఇన్సర్ట్ కాకపోతే ఆ పని ముందే అయిపోయినట్టే, అక్ ఇచ్చి వదిలేయాలి. ముందు కమిట్, తర్వాతే అక్. తిరగేస్తే మధ్యలో చచ్చిన ప్రాసెస్‌తో పాటు పనీ పోతుంది.

వరుస అంటారా, ఒకే కన్స్యూమర్ ఉన్నంతసేపే. రెండోది తగిలించగానే ఆర్డర్ పెట్టిన మెసేజ్ కంటే ముందు రద్దు చేసిన మెసేజ్ పూర్తి కావచ్చు. సింగిల్ యాక్టివ్ కన్స్యూమర్ (ఎందరున్నా ఒక సమయంలో ఒక్కరికే మెసేజ్‌లు ఇచ్చే సెట్టింగు) పెడితే వరుస చాలావరకు దక్కుతుంది, వేగం మాత్రం ఒక్కరిదే. ఒక్కో ఆర్డర్‌కి వెర్షన్ నంబరు పెట్టి, డేటాబేస్‌లో ఉన్నదానికంటే పాతది వస్తే పక్కన పెట్టేయడం తేలిక.