బట్ట అమ్మి కత్తి కొనుక్కోమన్న మాట తుపాకీ కొనమన్న ఆజ్ఞ కాదు

క్రైస్తవుల మధ్య ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. సారాంశం ఇది: "బట్ట అమ్మైనా సరే కత్తి కొనుక్కోమని యేసే చెప్పాడు. నాటి కత్తి నేటి తుపాకీ. కాబట్టి ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం ప్రతి విశ్వాసి బాధ్యత. ఆయుధం లేకుండా దేవుడే చూసుకుంటాడని కూర్చోవడం ఆయన్ని శోధించడమే (పరీక్షకు పెట్టడమే)." కింద నిర్గమకాండం, నెహెమ్యా, మొదటి తిమోతి వచనాలు, సంఘం ఎప్పుడూ ఇదే నమ్మిందన్న మాట.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు బలం వాడొచ్చా అనే ప్రశ్నకు క్రైస్తవులంతా ఒకే జవాబు చెప్పరు. వాడొచ్చని మనస్సాక్షితో నమ్మేవారితో నాకు తగాదా లేదు. వాక్యం కొన్ని పరిస్థితుల్లో మాత్రమే ఒప్పుకున్న దాన్ని తీసుకొచ్చి అందరికీ ఆజ్ఞగా మార్చడం, ఒప్పుకోనివాళ్లను అవిశ్వాసులుగా చూపించడం నాకు బాధ కలిగిస్తోంది. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు లూకా 22:36. ఆ వచనం ఒక్కటే చదివితే సందేశంలో చెప్పినట్టే అనిపిస్తుంది. తర్వాతి వచనంలో యేసు కారణం కూడా చెప్పాడు. అక్రమకారులలో ఒకడిగా ఎంచబడతాడని యెషయా 53లో రాసినది తన విషయంలో నెరవేరాలి. శిష్యులు తమ దగ్గర రెండు కత్తులున్నాయంటే "చాలు" అన్నాడు. కత్తులతో, కర్రలతో వస్తున్న గుంపును ఎదిరించడానికి రెండు కత్తులు ఏ మూలకు చాలుతాయి? ఆత్మరక్షణే ఉద్దేశమైతే మిగతా శిష్యులనూ కొనుక్కురమ్మని పంపాలి కదా.

అదే రాత్రి, అదే అధ్యాయంలో ఆ కత్తుల్లో ఒకటి పైకి లేచింది. ప్రధాన యాజకుని దాసుడి కుడి చెవి తెగింది. కొట్టింది పేతురని, ఆ దాసుడి పేరు మల్కు అని యోహాను రాశాడు. ఒక నిర్దోషిని కాపాడటానికి ఆయుధం తీయడం ఎప్పుడైనా న్యాయమైతే, అంతకంటే న్యాయమైన సందర్భం ఉంటుందా? యేసు వెంటనే ఆపించి, తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవిని బాగుచేశాడు. కత్తి పట్టుకున్నవాళ్లు కత్తితోనే నశిస్తారన్న హెచ్చరిక మత్తయి 26:52లో ఉంది. తెల్లారాక రోమా అధిపతి పిలాతు ముందు ఇంకా స్పష్టంగా చెప్పాడు: నా రాజ్యం ఈ లోకానిదైతే నా సేవకులు పోరాడేవారు. దారిదోపిడీ భయం ఉన్న ప్రయాణాల కోసమే కత్తి గురించి చెప్పాడని కొందరు వివరిస్తారు. అదే నిజమని ఒప్పుకున్నా, దానిలోంచి ప్రతి ఇంటికీ ఆయుధం ఉండాలన్న నియమం రాదు.

శిష్యులు ఆ మాటను ఎలా అర్థం చేసుకున్నారో అపొస్తలుల కార్యములు చూస్తే తెలుస్తుంది. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు. యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. ఏ విశ్వాసీ ఆయుధం తీసి ఎదురు తిరిగినట్టు ఆ పుస్తకంలో లేదు. అలాగని చేతులు కట్టుకుని చావు కోసం ఎదురుచూడనూ లేదు. పౌలు దమస్కులో గంపలో కూర్చుని గోడమీద నుంచి దిగి తప్పించుకున్నాడు. కొరడా దెబ్బలు తప్పించుకోవడానికి రోమా పౌరసత్వాన్ని గుర్తు చేశాడు. నలభైమందికి పైగా తనను చంపాలని ఒట్టు పెట్టుకున్నారని మేనల్లుడి ద్వారా తెలియగానే, ఆ కబురు సహస్రాధిపతికి (రోమా సేనాధికారికి) చేరేలా చూశాడు. ఆ అధికారి 200 మంది సైనికులను, 70 మంది రౌతులను, 200 మంది ఈటెలవాళ్లను ఇచ్చి పంపాడు. పారిపోవడం, చట్టాన్ని ఆశ్రయించడం, అధికారుల రక్షణ తీసుకోవడం, ఇవన్నీ పౌలు చేశాడు. ఈ సందేశం రాసినవారికి మాత్రం తుపాకీకీ చావుకూ మధ్య ఇంకో దారే కనిపించలేదు.

నిర్గమకాండం 22:2 ప్రకారం ఇంటికి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకు చస్తే కొట్టినవాడి మీద రక్తాపరాధం లేదు. నిజమే. సందేశంలో మూడో వచనం లేదు. సూర్యుడు ఉదయించాక చంపితే రక్తాపరాధం ఉందని అక్కడ రాసి ఉంది. చీకట్లో వచ్చినవాడు దేనికొచ్చాడో తెలియదు. వెలుతురులో మనిషిని చూడొచ్చు, సాయం పిలవొచ్చు. దొంగ తిరిగి చెల్లించాలి, చెల్లించలేకపోతే అమ్ముడుపోవాలి అంటుంది ధర్మశాస్త్రం. దొంగ ప్రాణానికి కూడా అక్కడ విలువ ఉంది. "నా గడప దాటితే కాల్చేస్తా" అనేవాళ్లు ఈ వచనాన్ని సగంలో ఆపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నెహెమ్యా సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆయన పారసీక రాజు అర్తహషస్త ఇచ్చిన అధికారంతో వచ్చిన గవర్నర్. పట్టణ గోడ కడుతున్నవారికి ఆయుధాలు పట్టమన్నది ప్రభుత్వ అధికారిగా. కట్టేవారు నడుముకు కత్తి కట్టుకున్నారని ఆ అధ్యాయంలో ఉంది, కానీ ప్రతివారూ ఇంట్లో ఆయుధం ఉంచుకోవాలన్న నియమం అక్కడ లేదు.

సంఘం ఎప్పుడూ ఇదే నమ్మిందన్నది అసలు నిలబడదు. పేతురును నిరాయుధుణ్ని చేసినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి నడికట్టూ విప్పేశాడని తొలినాళ్ల క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాశాడు. యుద్ధాన్ని కొన్ని షరతులతో సమర్థించిన ప్రాచీన సంఘ బిషప్ అగస్టీన్ కూడా, తన ప్రాణం కాపాడుకోవడానికి ఒక సామాన్యుడు ఇంకొకరిని చంపడం తనకు సమ్మతం కాదని పుబ్లికోలాకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను అనుమతించాడు, అవసరానికి మించి బలం వాడకూడదన్న షరతుతో. ఇతరుల ప్రాణాలకు బాధ్యులైనవారికి రక్షణ గంభీరమైన కర్తవ్యం కావచ్చని 1992 నాటి కాథలిక్ ధర్మోపదేశ గ్రంథం చెబుతుంది. సందేశానికి సంఘ చరిత్రలో ఇంతకంటే గట్టి ఆధారం నాకు కనిపించలేదు. అందులోనూ ప్రతివారూ ఆయుధం కొనాలన్న మాట లేదు.

మరోవైపు 1569లో నెదర్లాండ్స్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనబాప్టిస్టు (నాడు హింసకు గురైన ఒక క్రైస్తవ శాఖవాడు) ఉన్నాడు. తనను తరుముతున్నవాడు పలచటి మంచు విరిగి నీళ్లలో పడితే, వెనక్కి వచ్చి పైకి లాగాడు. తర్వాత పట్టుబడి సజీవ దహనమయ్యాడు. 1956 జనవరిలో అమెరికాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిమీద బాంబు పడింది. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు. ఆయుధాలతో పరుగెత్తుకొచ్చిన జనాన్ని ఇళ్లకు పొమ్మన్నాడు. ఆయన కూడా తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు, దొరకలేదు. ఆ తర్వాత భార్యతో మాట్లాడి ఇంట్లో ఉన్న తుపాకీనీ వదిలేశాడు. తుపాకీ ఉన్న రోజుల్లోనే తనకు ఎక్కువ భయం ఉండేదని రాసుకున్నాడు. ఈ ఇద్దరి విశ్వాసాన్నీ శంకించే ధైర్యం నాకు లేదు.

ఇక మొదటి తిమోతి 5:8. ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అన్న ఈ వచనం విధవరాళ్ల పోషణ గురించిన భాగంలో ఉంది. సరే, కుటుంబ క్షేమమే కొలమానం అనుకుందాం. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్యలే. డిప్రెషన్‌లో ఉన్న పిల్లవాడో పెద్దవాడో ఉన్న ఇంట్లో గుళ్లు నింపిన తుపాకీ ఎవరికి ప్రమాదమో ఇంటి పెద్ద ఆలోచించాలి. ఆ తుపాకీని ఇంట్లోంచి తీసేయడం కూడా సంరక్షణే.

చివరిది దేవుణ్ని శోధించడం అన్న మాట. 2019 డిసెంబరులో టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ఇద్దరిని చంపిన దుండగుణ్ని, సంఘంలోని భద్రతా వాలంటీరు కొద్ది సెకన్లలోనే కాల్చి ఆపాడు. ఆయన చాలా ప్రాణాలు కాపాడాడు, ఆయన్ని నేను నిందించను. 2015 జూన్ 17న చార్లెస్టన్‌లోని ఇమ్మానుయేల్ చర్చిలో బైబిలు స్టడీకి వచ్చిన కొత్తవాణ్ని విశ్వాసులు తమ మధ్య కూర్చోబెట్టుకున్నారు. చివర ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు అతను కాల్పులు జరిపి తొమ్మిదిమందిని చంపాడు. రెండు రోజులకే కోర్టులో ఆ కుటుంబాలవారు కొందరు అతనితో క్షమిస్తున్నామని చెప్పారు. ఈ సందేశం లెక్క ప్రకారం ఆ తొమ్మిదిమందీ దేవుణ్ని శోధించినవాళ్లే. ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపాలనుకునేవారు కనీసం దేవుణ్ని శోధించడం అన్న ఆ వాక్యం తీసేసి పంపండి.