సుప్రభాతం మొదటి నాలుగు శ్లోకాలు: ప్రచారంలో ఉన్న ‘అంతరార్థం’ ఎందుకు నిలవదు

వేంకటేశ్వర సుప్రభాతానికి ‘అసలు అర్థం’ పేరుతో ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: దేవుడికి నిద్ర ఉండదు కనుక సుప్రభాతం మనలోని ఆత్మను లేపడానికే, దాన్ని త్రేతాయుగంలో విశ్వామిత్రుడే పాడాడు, ‘ఉత్తిష్ఠ’ (లే) అని మూడుసార్లు అనడం జాగ్రత్, స్వప్న, సుషుప్తులకు, అంటే మెలకువ, కల, గాఢనిద్ర అన్న మూడు అవస్థలకు సంకేతం, మూడు, నాలుగు శ్లోకాలు వింటే ఇంట్లో డబ్బు నిలుస్తుంది, తెల్లవారుజామున మూడింటికి తప్ప మరెప్పుడు విన్నా దోషం. పంచుకునేవాళ్లంతా భక్తితోనే పంచుకుంటున్నారు. కానీ శ్లోకాలు ముందు పెట్టుకుని చూస్తే ఇందులోని ఏ వాదనా ఉన్నదున్నట్టుగా నిలబడదు.

ముందు, ఎవరు పాడారన్న సంగతి. విశ్వామిత్రుడి నోట వచ్చింది మొదటి శ్లోకం ఒక్కటే. ‘కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే, ఉత్తిష్ఠ నరశార్దూల కర్తవ్యం దైవమాహ్నికమ్’ అన్నది వాల్మీకి రామాయణం బాలకాండ 23వ సర్గలో రెండో శ్లోకం. ముందురోజు సరయూ నది దక్షిణపు ఒడ్డున ముని రామలక్ష్మణులకు బల, అతిబల విద్యలు ఉపదేశించాడు. రాజకుమారులిద్దరూ ఆ రాత్రి గడ్డి పరుచుకుని పడుకున్నారు. తెల్లవారుతుండగా ముని లేపితే లేచి స్నానం చేసి, అర్ఘ్యం ఇచ్చి, జపం చేసుకున్నారని ఆ తర్వాతి శ్లోకమే చెబుతుంది. మిగిలిన స్తుతి శ్రీవైష్ణవ ఆచార్యులు మణవాళ మహామునుల శిష్యులైన ప్రతివాది భయంకరం అణ్ణన్ రచన. ఇందులో నాలుగు భాగాలు: మొదటి శ్లోకంతో కలిపి సుప్రభాతం 29, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, మొత్తం 70 శ్లోకాలు. శ్రీరంగనాథుణ్ణి మేల్కొలుపుతూ తమిళ వైష్ణవ భక్తకవి తొండరడిప్పొడి ఆళ్వారు పాడిన పది తిరుప్పళ్ళియెళుచ్చి (మేలుకొలుపు) పాశురాలు అణ్ణన్‌కు ముందే ఉన్నాయి. ఆలయంలో కొలువున్న స్వామిని పేరు పెట్టి పిలిచి లేపే ఆ ఆనవాయితీలోనిదే ఈ రచన కూడా.

ఇక అసలు వాదన: ‘ఇది దేవుణ్ణి లేపడానికి కాదు’. తిరుమలలో రాత్రి చివరి సేవైన ఏకాంతసేవలో శయనించేది గర్భాలయంలోని మూలమూర్తి కాదు. అక్కడి పూజావిధానానికి ఆధారమైన వైఖానస ఆగమశాస్త్రం ప్రకారం అక్కడ అయిదు మూర్తులుంటారు. కదలని మూలవిరాట్టు ధ్రువబేరం. నిత్యపూజలు అందుకునే చిన్న వెండి విగ్రహం, పల్లవ రాణి సామవై సమర్పించిన భోగ శ్రీనివాసమూర్తి, కౌతుకబేరం. ఆయనకే పాన్పు వేస్తారు, అన్నమయ్య జోల పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. తెల్లవారుజామున సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడవగా అర్చకులు బంగారు వాకిలి తీసుకుని లోపలికి వెళతారు. వెలుపల సుప్రభాత పఠనం సాగుతుండగా లోపల భోగ శ్రీనివాసుణ్ణి పాన్పు మీది నుంచి లేపి గర్భాలయానికి వేంచేపు చేస్తారు. పాలు, వెన్న నివేదించి నవనీత హారతి ఇస్తారు. ధనుర్మాసంలో ఆ నెలంతా సుప్రభాతం స్థానంలో తిరుప్పావై చదువుతారు.

దేవుడికి మనలాంటి నిద్ర లేదన్నది నిజమే. ఆ సంగతి ఆళ్వార్లకూ తెలుసు, అణ్ణన్‌కూ తెలుసు. స్వామిది యోగనిద్ర, అంటే ఎరుక తప్పని నిద్ర. అయినా అర్చామూర్తిగా, అంటే పూజలందుకునే విగ్రహంగా వచ్చిన స్వామి మన చేతి స్నానాన్నీ, మనం పెట్టే పాలవెన్నలనూ, మనం వేసే పాన్పునూ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలునే శ్రీవైష్ణవులు సౌలభ్యం అంటారు. సుప్రభాతం ఆ సౌలభ్యం మీద నిలిచిన కైంకర్యం, అంటే సేవ. దాన్ని ‘ఆత్మను లేపడం’గా మార్చేస్తే స్వామి పక్కకు పోతాడు, మధ్యలో మనమే మిగులుతాం.

రెండో శ్లోకంలో ‘ఉత్తిష్ఠ’ లెక్కపెట్టండి. ‘ఉత్తిష్ఠోత్తిష్ఠ గోవింద’ దగ్గర రెండు, ‘ఉత్తిష్ఠ గరుడధ్వజ’ దగ్గర ఒకటి, ‘ఉత్తిష్ఠ కమలాకాంత’ దగ్గర మరొకటి. నాలుగు. సంధి విడదీయకుండా చూస్తే మూడుగా కనబడుతుంది, మూడు అవస్థల సిద్ధాంతమంతా ఆ పొరపాటు మీదే కట్టారు. పోనీ నాలుగోది ఆ మూడింటికీ అతీతమైన తురీయావస్థ అనుకుందామన్నా కుదరదు. గరుడధ్వజుడు, కమలాకాంతుడు అన్న సంబోధనలు ఏ జీవుడికీ చెల్లవు. పైగా చివర అడుగుతున్నది ‘త్రైలోక్యం మంగళం కురు’ అని. అది మూడు లోకాలకూ క్షేమం చేయమన్న విన్నపం. ఈ రెండు శ్లోకాలనూ కలిపి చదివితే అమరిక తెలుస్తుంది: మొదటిది ‘చేయవలసిన పని ఉంది, లే’ అంటుంది, ఆ పని ఏమిటో రెండోది చెబుతుంది. రాముడికి అది సంధ్యావందనం, కొండమీది స్వామికి లోకరక్షణ.

డబ్బు మాట మరీ బాధాకరం. ‘మాతః సమస్తజగతాం’, ‘తవ సుప్రభాతమరవిందలోచనే’ అన్న రెండూ అమ్మవారికి చెప్పే శుభోదయాలు. అక్కడ అమ్మ జగన్మాత, స్వామి వక్షఃస్థల నివాసిని, దయానిధి. ‘శ్రితజనప్రియ దానశీలే’ అన్న పిలుపు ఒకటుంది, నిజమే. కానీ ఫలానాది ఇమ్మని అడిగిన మాట ఆ ఎనిమిది పాదాల్లో లేదు. అమ్మను ముందు పలకరించడం శ్రీవైష్ణవంలో పురుషకారం: మన తప్పులు స్వామి ఎంచకుండా ఆమె సిఫారసు చేస్తుందన్న నమ్మకం. మిగతా మూడు భాగాల ఎత్తుగడలూ చూడండి. స్తోత్రం ‘కమలా’ అని మొదలవుతుంది. ప్రపత్తి మొదటి శ్లోకం వేంకటపతి ప్రేయసికి వందనం. మంగళాశాసనం ‘శ్రియః కాంతాయ’తో ఆరంభం. నాలుగు చోట్లా అమ్మ ప్రస్తావన లేకుండా అణ్ణన్ అడుగు వేయలేదు. ఇక ఫలం సంగతి 29వ శ్లోకం తానే చెబుతోంది: రోజూ పఠించేవారికి ‘ప్రజ్ఞాం పరార్థసులభాం’, అంటే పరమార్థాన్ని సులభంగా అందించే ప్రజ్ఞ కలుగుతుందని. లోపలి మేలుకొలుపు అనేది ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉంది, స్వామి సేవకు ఫలంగా.

వేళ గురించి కూడా ఆ శ్లోకంలోనే ‘ప్రభాతసమయే’ అని ఉంది. మూడు గంటలన్నది ఆలయ సేవాక్రమానికి సంబంధించిన సమయం. ఇంట్లో ఉదయం ఆరింటికి చదువుకుంటే దోషమని స్తుతిలో ఎక్కడా లేదు.

చదివేటప్పుడు నిజంగా జాగ్రత్తపడాల్సింది పాఠం విషయంలో. ‘రామా’, ‘గోవిందా’, ‘కమలాకాంతా’ అని తెలుగు పిలుపులా చివర దీర్ఘం తీయకూడదు. సంస్కృత సంబోధనలో అవి హ్రస్వాలు. ఛందస్సు కూడా మారుతుంది: మొదటి రెండు శ్లోకాలు అనుష్టుప్పు, మూడోది వసంతతిలకం, నాలుగోది ఒక్కటే మంజుభాషిణి, పాదానికి 13 అక్షరాలు. మూడో శ్లోకం నడకతోనే నాలుగోది అందుకుంటే ‘తవ సు’ దగ్గరే తడబడతారు. ‘తవ సుప్రభాతమ్’ వరకు ఒక్క ఊపిరిలో అని, ‘అరవిందలోచనే’ విడిగా పలికి అలవాటు చేసుకోండి. ఆ తర్వాత సంధి కలిపి ‘సుప్రభాతమరవిందలోచనే’ అంటే సరిగ్గా కూర్చుంటుంది.