అత్తగారు మెచ్చిన గ్రైండర్

(ఆదివారం మధ్యాహ్నం. పాత గ్రైండర్ కన్నుమూసి నాలుగు రోజులైంది. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన చేతిలో ఫోను, ఆవిడ చేతిలో చేట.)

ఆయన: దొరికిందోయ్ గ్రైండర్! ఐదుకి ఐదు నక్షత్రాలు. వచ్చే ఆదివారం గారెలు ఖాయం.

ఆవిడ: ఎంతమంది ఇచ్చారట?

ఆయన: ముగ్గురు.

ఆవిడ: ముప్ఫై ఏళ్లు పిల్లలకి సగటు నేర్పిన మనిషేనా మీరు? ముగ్గురిచ్చిన ఐదు కంటే మూడు వేలమంది ఇచ్చిన 4.2 నయం కాదూ?

ఆయన: అంకెలు కాదే, భావం చూడు. “సూపర్ ప్రోడక్ట్. మా అత్తగారు చాలా మెచ్చుకున్నారు.” రెండోది... “సూపర్ ప్రోడక్ట్. మా అత్తగారు...” మూడోదీ అదే.

ఆవిడ: తేదీలు?

ఆయన: మూడూ ఒకటే రోజు. అయితే ఏం, అత్తగార్లందరూ ఒకేసారి మెచ్చుకుని ఉండొచ్చుగా!

ఆవిడ: మీ అమ్మగారు ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా మెచ్చుకున్నారా? అక్కడే తెలియట్లా అబద్ధమని!

ఆయన: మధ్యలో మా అమ్మెందుకే! అబద్ధాలు వేయకూడదని ప్రమాణమే ఉంది. ఐఎస్‌ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ వాళ్లే 2022లో రివ్యూల కోసం ఐఎస్ 19000 అని పెట్టారు. రాసింది నిజం మనిషేనా అని చూసుకోవాలి, డబ్బిచ్చి రాయించినవి వేయకూడదు.

ఆవిడ: తప్పనిసరా?

ఆయన: అంటే... పెట్టినప్పుడు ఇష్టమైనవాళ్లు పాటించమన్నారు.

ఆవిడ: మీరు షుగరుకి పథ్యం పాటించినట్టన్నమాట. ఇటివ్వండి ఫోను.

(ఇంకో గ్రైండర్ తెరిచి, మూడు నక్షత్రాల దగ్గర ఆగింది.)

ఆవిడ: వినండి. “అర కిలో మినప్పప్పు నానబోసి వేశా. అరగంటకి వెన్నలా నలిగింది. గిన్నె మాత్రం బరువు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎత్తలేరు. ఎనిమిదో నెలలో బెల్టు సాగింది. మెకానిక్ పది రోజులకొచ్చాడు.” పిండి ఎక్కడ ఇరుక్కుంటుందో ఫోటో కూడా పెట్టింది మహాతల్లి.

ఆయన: ఇచ్చింది మూడేగా!

ఆవిడ: ఎందుకు తగ్గించిందో చెప్పిందిగా. బెల్టు సంగతి ముందే తెలిసింది. ఇక గిన్నె బరువంటారా, ఎత్తేది మీరు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఆయన: నేనా? ఆగాగు, కింద ఒకే ఒక్క నక్షత్రం కూడా ఉంది చూడు!

ఆవిడ: “డెలివరీ అబ్బాయి బెల్లు కొట్టలేదు” అట. కుర్రాడు బెల్లు కొట్టకపోతే గ్రైండర్ ఏం చేసింది పాపం! ఇదేంటి, మీరు రాసినవి కూడా కనిపిస్తున్నాయే. కుక్కర్‌కి ఐదు నక్షత్రాలా! “అట్టపెట్టె చాలా గట్టిగా ఉంది. ఇంకా తెరవలేదు.”

ఆయన: పెట్టె నిజంగానే గట్టిది కదే! ఇప్పటికీ ఉల్లిపాయలు అందులోనేగా పోస్తున్నావు.

ఆవిడ: సిగ్గులేకపోతే సరి. కింద చూశారా? ఇది తమకు ఉపయోగపడిందని పదకొండు మంది నొక్కారు!

ఆయన: చూశావా మరి! నాదీ పనికొచ్చింది!

ఆవిడ: ఎవరండీ ఆ పదకొండు మంది?

ఆయన: (మెల్లగా) మా వాకింగ్ బ్యాచ్.