జాన్సెన్‌ను ఎలా వదిలేశారు?
ఖగోళ శాస్త్రాన్ని మలుపు తిప్పినవాళ్లంటూ మీరిచ్చిన జాబితాలో గెలీలియో, కెప్లర్, న్యూటన్ ఉన్నారు, సంతోషమే, కానీ జాన్సెన్ పేరు లేకపోవడం గుంటూరువాడిగా నాకు బాధగా ఉందండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆ ఫ్రెంచ్ శాస్త్రవేత్త చూసింది మా గుంటూరు నుంచే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోపులో (కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం) చూస్తే గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు అక్కడే తట్టింది, మర్నాడు మామూలు ఎండలోనే చూసేశాడు. అసలు గొప్పతనం ఇదీ! అంతకుముందు గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలే దిక్కు. హీలియం ఆయనే కనిపెట్టాడని చాలామంది రాస్తారు గానీ, ఆ జ్వాలల కాంతిలో కనిపించే పసుపు గీత ఒక కొత్త మూలకానిదని, అంటే హీలియానిదని, చెప్పింది ఇంగ్లండ్‌లో లాక్యర్ అనే శాస్త్రవేత్త. దయచేసి జాన్సెన్‌ను చేర్చండి, గుంటూరు పేరుతో సహా.